ఐర్లండు ఆజానుబాహుడు ఛార్లెస్ బర్న్

లోకంలో పేరు తెచ్చుకున్నవారు ఎందరో ఉన్నారు. కొందరు విద్యతో, కొందరు త్యాగంతో, కొందరు కండబలంతో పేరు పొందారు. ఛార్లెస్ బర్న్ మాత్రం కేవలం తన ఎత్తు వల్ల పేరు పొందాడు. ఆ ఎత్తు అతడు కోరి తెచ్చుకున్నది కాదు. అది ఒక జబ్బు అని కూడా పాపం అతనికి తెలియదు.

బర్న్ 1761లో ఐర్లండు ఉత్తర భాగాన లిటిల్‌బ్రిడ్జ్ అనే పల్లెలో సామాన్య కుటుంబంలో జన్మించాడు. చిన్నతనంలోనే తోటి పిల్లలను దాటి ఎదిగిపోయాడు. ఊళ్ళో జనం వింతగా చూడసాగారు. ఆ వింతే అతనికి బతుకుతెరువైంది. ఊరూరా తన్ను తాను చూపించుకుంటూ, చివరకు 1782లో లండన్ నగరం చేరాడు. అప్పటికి అతనికి 21 ఏళ్ళు. స్ప్రింగ్ గార్డెన్స్ అనే చోట గది తీసుకున్నాడు. మనిషికి అర క్రౌను టిక్కెట్టు. దొరలు, దొరసానులు బారులు తీరి వచ్చి చూశారు. పత్రికల ప్రకటనల్లో అతని ఎత్తు 8 అడుగులు దాటించారు గానీ, ఎముకలను బట్టి తేలిన అసలు ఎత్తు 7 అడుగుల 7 అంగుళాలు.

ఆ వైభవం ఏడాది కూడా నిలవలేదు. జనానికి మోజు తీరింది. బర్న్ తాగుడుకు అలవాటుపడ్డాడు. కూడబెట్టిన సుమారు 700 పౌండ్లు ఒక సారాయి అంగడిలో ఎవరో కాజేశారు. ఆరోగ్యం చెడింది. 1783 జూన్ 1న, 22 ఏళ్ళకే కన్నుమూశాడు.

అతనికి చావుకంటే పెద్ద భయం ఒకటుండేది. జాన్ హంటర్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు అతని శరీరం మీద కన్నువేశాడు. కోసి చూస్తారని, బొమ్మలాగ నిలబెడతారని బర్న్‌కు తెలుసు. అందుకే తన శవాన్ని సముద్రంలో ముంచమని స్నేహితులను వేడుకున్నాడు. కాని హంటర్ లంచమిచ్చి శవాన్ని దక్కించుకున్నాడు. ఆ లంచం 500 పౌండ్లని చెప్తారు. ఎముకలను ఉడకబెట్టి అస్థిపంజరం తయారుచేశాడు. అది రెండు శతాబ్దాలకు పైగా లండన్‌లో హంటర్ పేరిట ఉన్న మ్యూజియంలో అందరి కళ్ళముందు నిలబడింది.

అసలు బర్న్ అంత ఎత్తు ఎందుకు పెరిగాడు? జొన్న చేను చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. ఎన్ను వేశాక జొన్న ఇక పొడుగు సాగదు. మనిషికీ అంతే. ఆడపిల్ల పెద్దమనిషి కావడం, మగపిల్లవాడికి మీసకట్టు రావడం, ఇవన్నీ యుక్తవయస్సు గుర్తులు. ఆ వయస్సులో పుట్టే హార్మోన్లు ఎముకల కొసల్లోని మెత్తటి పొరను క్రమంగా గట్టిపరుస్తాయి. దానితో ఎదుగుదల ఆగుతుంది. మెదడు కింద శనగగింజంత ఉండే పీయూష గ్రంథే ఎదుగుదలకూ, యుక్తవయస్సుకూ కూడా ఆజ్ఞలిస్తుంది. ఆ గ్రంథిలో చిన్నప్పుడే గడ్డ పుడితే రెండు విధాల కీడు. పెరుగుదల హార్మోను పొంగిపొరలుతుంది. గడ్డ ఒత్తిడికి యుక్తవయస్సు ఆజ్ఞ వెనకబడుతుంది. తలుపు మూసుకోదు, పెరుగుదల ఆగదు. 22 ఏళ్ళు వచ్చినా బర్న్ ఎముకల కొసలు పూర్తిగా అతుక్కోలేదు. 1909లో హార్వే కుషింగ్ అనే అమెరికా వైద్యుడు అతని పుర్రెను తెరిపించి చూస్తే, పీయూష గ్రంథి ఉండే గుంట బాగా పెద్దదై కనిపించింది.

ఆ గడ్డకు మూలమేదో తెలియడానికి ఇంకో నూరేళ్ళు పట్టింది. మార్తా కోర్బోనిట్స్ అనే పరిశోధకురాలి బృందం బర్న్ పళ్ళనుండి డి.ఎన్.ఎ. తీసి పరీక్షించి, ఏ.ఐ.పి. అనే జన్యువులో మార్పు ఉందని 2011లో ప్రకటించింది. అదే మార్పు ఉత్తర ఐర్లండులో ఇప్పుడున్న కొన్ని కుటుంబాల్లోనూ కనబడింది. వారికీ బర్న్‌కూ ఎన్నో తరాల వెనక మూలపురుషుడు ఒక్కడేనని తేలింది. ఇలాంటివి వింటే మన పక్క వెంటనే మేనరికం అంటారు. కొన్ని జబ్బులకు అది నిజమే. కాని ఈ జబ్బుకు మేనరికంతో పనిలేదు. తల్లి నుండి గానీ తండ్రి నుండి గానీ ఒక్క చెడిన జన్యువు వస్తే చాలు. అలా వచ్చినవారిలో కూడా అందరికీ గడ్డ పుట్టదు. ఈనాడు ముక్కులోనుండి ఆపరేషను చేసి గడ్డ తీస్తున్నారు, ఇంజెక్షన్లు ఉన్నాయి. పెందలాడే కనిపెడితే ఆ బిడ్డ అందరిలాగే బతుకుతాడు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల వారికి ఈ కథతో ఏం పని అని అడగవచ్చు. పని ఉంది. ఇక్కడ సుగ్గి వచ్చిందంటే కుటుంబాలు పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకోతలకు పోతాయి. బడికి దూరమైన బిడ్డ ఏడాదికి ఎంత ఎదిగాడో చూసేవారుండరు. ఈడు వచ్చినా పెద్దమనిషి కాని పిల్ల సంగతి, పెండ్లి చెడుతుందని ఇంట్లో దాచిపెడతారు. మీసం రాని పిల్లవాణ్ణి రచ్చకట్ట మీద ఎగతాళి చేస్తారు. ఆడపిల్లకు 13, మగపిల్లవాడికి 14 ఏళ్ళు నిండినా యుక్తవయస్సు గుర్తులు మొదలు కాకపోతే డాక్టరుకు చూపించాలి. వీరిలో చాలామంది కాస్త ఆలస్యంగా ఎదిగేవారే, భయం లేదు. కాని విపరీతమైన ఎత్తుకు తోడు తలనొప్పి, చూపు మందగించడం ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు.

2023లో ఆ మ్యూజియం తిరిగి తెరిచినప్పుడు బర్న్ అస్థిపంజరాన్ని ప్రదర్శననుండి తీసివేశారు. అయితే పరిశోధన కోసమని భద్రపరిచారు, సముద్రానికి అప్పగించలేదు. ఇంకా తెలుసుకోవలసింది ఉందని వారి వాదన. సైన్సు విద్యార్థిగా నేను ఆ వాదనను తీసిపారేయలేను. ఆ పళ్ళే లేకపోతే బర్న్ జబ్బుకూ నేటి కుటుంబాల జబ్బుకూ మూలం ఒక్కటేనని తెలిసేది కాదు. అయినా అతడు ఇవ్వనన్నది మనం తీసుకున్నాం. తీసుకున్నదానికి ఫలితం దక్కింది. ఇక అతని ఆఖరి కోరిక తీర్చడం సైన్సుకు నష్టం కాదు, గౌరవం. ఎదుగుదలలో తేడా ఉన్న మనిషిని వింతగా కాక మనిషిగా చూడడమే మనం బర్న్‌కు తీర్చగల ఋణం.