మంత్రాలయం రాఘవేంద్రుడు: పూట గడవని ఇంటి నుంచి బృందావనం దాకా.. ఆయన కోసం పరుగెత్తిన ఆ ఇద్దరి కథ తెలుసా?

గురువారం వచ్చిందంటే చాలు.. మంత్రాలయంలో రద్దీ మామూలుగా ఉండదు. కర్నూలు జిల్లాలో తుంగభద్ర ఒడ్డున ఉన్న ఈ ఊరికి ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర నుంచి జనం వస్తూనే ఉంటారు. నదిలో స్నానం చేసి, తడిబట్టలతోనే వచ్చి ప్రదక్షిణలు చేసేవాళ్లు కొందరు. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఆరోగ్యం.. ఒక్కొక్కరిది ఒక్కో మొక్కు.

అయితే ఇక్కడ గర్భగుడిలో ఉన్నది దేవుడి విగ్రహం కాదు. ఒక మనిషి సజీవంగా ప్రవేశించిన బృందావనం. ఆయనే రాఘవేంద్ర స్వామి. 350 ఏళ్లు దాటినా ఆయన లోపల తపస్సులోనే ఉన్నారని, మొత్తం 700 ఏళ్లు అలాగే ఉంటారని భక్తుల నమ్మకం.

ఇంతమంది కష్టాలు తీర్చమని అడిగే ఆ స్వామి ఒకప్పుడు ఇంట్లో పొయ్యి వెలగక పస్తులున్నారంటే నమ్ముతారా? ఆయన చరిత్రేంటి? అందులో కథలుగా వినిపించేవేంటి? చూద్దాం.

తిరుమల వెంకన్న పేరే పెట్టారు

రాఘవేంద్రుల అసలు పేరు వెంకటనాథుడు. 1595లో తమిళనాడులోని చిదంబరం దగ్గర భువనగిరిలో పుట్టారు. తండ్రి తిమ్మణ్ణ భట్టు, తల్లి గోపికాంబ. తిరుమల వేంకటేశ్వరుడిని కొలిచాక పుట్టిన బిడ్డ కావడంతో ఆ పేరు పెట్టుకున్నారు. ఆయనకు ముందు ఒక అక్క, ఒక అన్న ఉన్నారు.

నిజానికి ఇది ఒకప్పుడు బాగా బతికిన కుటుంబం. వెంకటనాథుడి ముత్తాత కృష్ణ భట్టు వీణ విద్వాంసుడు. విజయనగర సామ్రాట్టు శ్రీకృష్ణదేవరాయలకే వీణ నేర్పారని చెబుతారు. కానీ 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత హంపీ వైభవం పోయింది. ఆ ఆస్థానాన్ని నమ్ముకున్న పండితుల కుటుంబాలు చెట్టుకొకటి పుట్టకొకటిగా చెదిరిపోయాయి. తిమ్మణ్ణ భట్టు కుటుంబం కూడా అలాగే తమిళ దేశానికి చేరింది.

వెంకటనాథుడు చిన్నగా ఉండగానే తండ్రి పోయారు. మధురైలో ఉండే బావగారు లక్ష్మీనరసింహాచార్యులు చేరదీసి చదువు చెప్పారు. చదువయ్యాక సరస్వతి అనే అమ్మాయితో పెళ్లి జరిగింది. ఆ తర్వాత పై చదువుల కోసం కుంభకోణంలో సుధీంద్ర తీర్థుల మఠానికి వెళ్లారు. తర్కం, వ్యాకరణం, వేదాంతం.. ఏ సభలో వాదన పెట్టినా గెలిచేది ఆయనే. రాత్రి తోటి విద్యార్థులంతా నిద్రపోతే, ఆయన మాత్రం దీపం ముందు కూర్చుని రాసుకునేవారట. గురువుగారు ఒకరోజు ఆ రాతలు చూసి ఆశ్చర్యపోయారని, తన ఒంటిమీది శాలువా తీసి నిద్రపోతున్న శిష్యుడికి కప్పారని మఠంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

చదువుంది.. డబ్బు లేదు

ఇంతటి పండితుడికి ఇల్లు గడవడమే కష్టమైంది. పిల్లలకు చదువు చెప్పేవారు కానీ, డబ్బు అడిగేవారు కాదు. ఎవరైనా ఇస్తే తీసుకోవడం, లేకపోతే ఊరుకోవడం. అప్పటికి కొడుకు లక్ష్మీనారాయణ పుట్టాడు. పసివాడు, భార్య, తాను.. ముగ్గురూ తినడానికి లేక వరసగా పస్తులున్న రోజులున్నాయి. కట్టుకోవడానికి సరైన బట్ట కూడా ఉండేది కాదు. ఈ పేదరికం గురించి ఎవరో తర్వాత కల్పించింది కాదు. ఆయన మేనల్లుడు నారాయణాచార్యులు రాసిన రాఘవేంద్ర విజయం అనే సంస్కృత కావ్యంలోనే ఉంది. అంటే ఆ ఇంటి పరిస్థితి దగ్గరగా తెలిసిన మనిషి రాసిన మాట.

మంత్రాలయం కథల్లో బాగా ఫేమస్ అయిన గంధం కథ ఈ రోజులదే. ఒక ఊళ్లో శుభకార్యం జరుగుతోంది. చిరిగిన బట్టలతో భోజనానికి వచ్చిన వెంకటనాథుడిని చూసి, ఆ ఇంటివాళ్లు ఊరికే తిండి పెట్టడం ఎందుకని గంధం అరగదీసే పని అప్పగించారు. ఆయన మారు మాట్లాడలేదు. సాన ముందు కూర్చుని, అలవాటు ప్రకారం మంత్రాలు చదువుకుంటూ గంధం తీశారు. ఆ సమయంలో ఆయన నోట వచ్చింది అగ్ని సూక్తం. ఆ గంధం పూసుకున్నవాళ్లందరికీ ఒళ్లు మంటలు మొదలయ్యాయి. చల్లగా ఉండాల్సిన గంధం కాలడమేంటని గోల. సంగతి తెలిసి ఇంటి యజమాని వచ్చి క్షమించమని వేడుకున్నాడు. అప్పుడు ఆయన వరుణ సూక్తం చదివితే మంట చల్లారిందట.

ఇది మహిమ అనుకునేవాళ్లు అనుకోవచ్చు. కానీ కథలో అసలు విషయం ఇంకొకటుంది. మనిషి బట్టలు చూసి విలువ కట్టారు. ఆయన విలువేంటో ఒళ్లు మండితే గానీ తెలియలేదు.

వద్దన్న సన్యాసం

సుధీంద్ర తీర్థులకు వయసు మీద పడింది. తన తర్వాత పీఠం ఎవరికివ్వాలన్న ఆలోచన వచ్చింది. ఆయన మనసులో ఉన్నది ఒక్క వెంకటనాథుడే. విషయం చెబితే శిష్యుడు ఒప్పుకోలేదు. భార్య చిన్నది, కొడుకు ఇంకా పసివాడు, వాళ్లను ఎవరికి వదిలి రావాలన్నది ఆయన బాధ. గురువు మాటంటే ప్రాణం పెట్టే మనిషే, ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గారు.

చివరికి చదువుల తల్లి కలలో కనిపించి, ఈ బాధ్యత నీదేనని చెప్పిందని, దాంతో మనసు మార్చుకున్నారని సంప్రదాయం చెబుతుంది. ముందు కొడుక్కి ఉపనయనం చేశారు. 1621 ఫాల్గుణ మాసంలో తంజావూరులో సన్యాసం తీసుకున్నారు. అప్పుడు తంజావూరును ఏలుతున్నది రఘునాథ నాయకుడు. స్వయంగా తెలుగులో కావ్యాలు రాసిన రాజు ఆయన. ఆ రోజు నుంచి వెంకటనాథుడు రాఘవేంద్ర తీర్థులయ్యారు. అప్పటికి వయసు దాదాపు 26 ఏళ్లు. రెండేళ్లకు, 1623లో గురువుగారు కన్నుమూయడంతో మఠం బాధ్యత మొత్తం ఆయన భుజాల మీద పడింది.

మొదటి పరుగు.. సరస్వతి

పట్టాభిషేకం ఘనంగా జరుగుతోంది. మరి ఇంట్లో ఉన్న సరస్వతి సంగతేంటి? ఈ కథను భక్తులు కూడా కాస్త గొంతు తగ్గించే చెబుతారు.

సన్యాసి అయినవాళ్లు భార్య ముఖం చూడకూడదన్నది నియమం. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా చివరిసారి ఒక్కసారి భర్తను చూడాలనిపించింది. ఇంట్లోంచి బయటపడి మఠం వైపు పరుగు తీసింది. దారిలో ఒక పాడుబడ్డ బావి ఉంది. ఆ బావిలోనే ఆమె ప్రాణం పోయింది. కోరిక తీరకుండా పోవడంతో ఆత్మగా మారి మఠం దగ్గరకు వచ్చిందని, స్వామి అది గ్రహించి తన కమండలంలోని నీళ్లు చల్లి ఆమెకు మోక్షం ఇచ్చారని కథ.

ఆలోచిస్తే ఇది అంత తేలిగ్గా మర్చిపోయే కథ కాదు. పస్తులున్న రోజుల్లో పక్కనే ఉన్న మనిషి, మంచి రోజు వచ్చేసరికి లేకుండా పోయింది. ఆ రోజు ఊళ్లో పీఠం దొరికిన సంబరం, ఆమెకు మాత్రం ఇల్లు పోయిన రోజు. భర్త వద్దన్నది కూడా సరిగ్గా ఈ భయంతోనే. రాఘవేంద్రుల జీవితాన్ని చెప్పేవాళ్లు ఈ కథను దాచకుండా తరాలుగా చెబుతూ రావడమే గొప్ప విషయం.

పల్లకీలో ఊరూరా

పీఠం ఎక్కాక ఆయన ఒకచోట కూర్చోలేదు. తమిళ, కన్నడ దేశాల్లో ఊరూరా తిరిగారు. ఉడిపి కృష్ణుడి సన్నిధిలో ఉన్నారు. మధ్వాచార్యుల ద్వైత సిద్ధాంతం మీద వరసగా గ్రంథాలు రాశారు. వాటిలో పెద్దది, జయతీర్థుల న్యాయసుధకు రాసిన వ్యాఖ్య. దాని పేరు పరిమళం. అందుకే ఆయనకు పరిమళాచార్యులనే పేరు కూడా వచ్చింది. అంటే ఆయన్ను మహిమల స్వామిగా జనం తెలుసుకుంటే, పండితులు మాత్రం గట్టి వ్యాఖ్యాతగా గుర్తుపెట్టుకున్నారు.

తిరిగిన ప్రతిచోటా ఒక కథ మిగిలింది. ఒక దేశాయి ఇంట్లో స్వామివారికి భిక్ష ఏర్పాటు చేశారు. ఆ హడావిడిలో మామిడిపండ్ల రసం గంగాళంలో పడి ఆ ఇంటి పసివాడు చనిపోయాడు. భిక్ష ఆగిపోకూడదని తల్లిదండ్రులు ఆ సంగతి దాచి, ఏడుపు దిగమింగి పనులు చేస్తుంటే, స్వామి బిడ్డను తెప్పించి బతికించారని చెబుతారు.

ఆదోని నవాబు.. అక్షరం రాని వెంకన్న

ఇక మంత్రాలయం కథలోకి వద్దాం. ఆదోని ప్రాంతంలో వెంకన్న అనే పశువుల కాపరి ఉండేవాడు. అక్షరం ముక్క రాదు. ఏ కష్టం వచ్చినా తనను తలచుకోమని స్వామి అతనికి చెప్పి వెళ్లారు. కొన్నాళ్లకు ఆదోనిని ఏలే సిద్ది మసూద్ ఖాన్ అటుగా వచ్చాడు. చేతికి ఒక లేఖ అందింది. చదివేవాళ్లు పక్కన లేరు. ఎదురుగా కనిపించిన వెంకన్నను చదవమన్నాడు. రాదంటే నమ్మలేదు, బెదిరించాడు. వెంకన్న భయంతో స్వామిని తలచుకుని లేఖ విప్పితే, గడగడా చదివేశాడట. అందులో శుభవార్త ఉండటంతో నవాబు సంతోషించి అతన్ని దివానును చేశాడు.

ఈ స్వామి ఎవరో చూద్దామని నవాబుకు అనిపించింది. పరీక్షించడానికి పళ్లెంలో మాంసం పెట్టి, గుడ్డ కప్పి, కానుకగా ఇచ్చాడు. స్వామి తీర్థం చల్లి గుడ్డ తీయిస్తే లోపల పళ్లు, పూలు ఉన్నాయన్నది కథ. నవాబు తలవంచాడు. ఏ ఊరు కావాలో అడగమన్నాడు. స్వామి అడిగింది తుంగభద్ర ఒడ్డున ఉన్న మంచాల. బాగా పండే ఊళ్లు ఎన్నో ఉండగా ఈ ఎండిన పల్లె ఎందుకని అందరూ ఆశ్చర్యపోయారు. పూర్వం ప్రహ్లాదుడు యజ్ఞం చేసిన చోటు అదేనని స్వామి చెప్పారట. రాఘవేంద్రుల్ని భక్తులు ప్రహ్లాదుడి అవతారంగానే కొలుస్తారు.

కథలోని మహిమలు పక్కన పెట్టినా ఒక సంగతి మిగులుతుంది. హిందూ పీఠానికి ఊరు ఇచ్చింది బీజాపూర్ సుల్తానుల తరఫున ఆదోనిని ఏలిన ముస్లిం పాలకుడు. ఆ మంచాలే ఇప్పటి మంత్రాలయం. ఆ ఊరి గ్రామదేవత మంచాలమ్మ. ఆమె అనుమతి తీసుకునే స్వామి అక్కడ స్థిరపడ్డారని చెబుతారు. అందుకే ఇవాళ్టికీ ముందు మంచాలమ్మను దర్శించుకున్నాకే బృందావనం దగ్గరకు వెళ్లాలన్నది ఆచారం.

రెండో పరుగు.. అప్పణ్ణాచార్యులు

నదికి అవతల, ఇప్పటి కర్ణాటక వైపు బిచ్చాలె అనే ఊరుంది. అక్కడ ఉండే అప్పణ్ణాచార్యులు స్వామికి ప్రాణం లాంటి శిష్యుడు. స్వామి ఆయన ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్నారు. ఇప్పటికీ ఆ ఇల్లు చూడటానికి భక్తులు వెళ్తుంటారు.

1671 శ్రావణ బహుళ విదియ. బృందావన ప్రవేశానికి స్వామి ఎంచుకున్న రోజు. వాళ్లు కట్టబోయే బృందావనం రాయి కూడా మామూలుది కాదట. సీతను వెతుకుతూ వచ్చిన రాముడు కూర్చున్న రాయిగా చెప్పే మాధవరం శిలను తెప్పించారని అంటారు. స్వామి లోపల కూర్చుని జపం మొదలుపెట్టారు. చేతిలో జపమాల ఆగగానే శిష్యులు చుట్టూ రాళ్లు పేర్చి, సాలగ్రామాలు ఉంచి, పైన బండ మూసేశారు. అప్పటికి ఆయన వయసు 76 ఏళ్లు. ఆయన తర్వాత యోగీంద్ర తీర్థులు పీఠం ఎక్కారు.

ఆ సమయానికి అప్పణ్ణాచార్యులు అక్కడ లేరు. ఈ శిష్యుడుంటే తనను వెళ్లనివ్వడని స్వామే దూరం పంపారని చెబుతారు. విషయం తెలియగానే పరుగున వచ్చారు. తుంగభద్ర నిండుగా పారుతోంది. గురువును తలచుకుంటూ స్తోత్రం చెప్పుకుంటూనే నదిలో దూకి ఈదారు. ఒడ్డుకు చేరేసరికి బండ మూసేశారు. దుఃఖంతో గొంతు పూడుకుపోయి, స్తోత్రం చివరి పాదం సగంలో ఆగిపోయింది. మిగిలిన ఏడు అక్షరాలు బృందావనం లోపలి నుంచి వినిపించాయన్నది భక్తుల నమ్మకం. మంత్రాలయంలో రోజూ వినిపించే రాఘవేంద్ర స్తోత్రం అదే.

స్వామి జీవితంలో ఇద్దరు ఆయన కోసం పరుగెత్తారు. ఇద్దరికీ ఆఖరి చూపు దక్కలేదు. ఒకరికి తీర్థం దొరికింది, ఇంకొకరికి మాట దొరికింది. ఇవాళ మంత్రాలయం వెళ్లే భక్తులకు కూడా స్వామి ముఖం కనిపించదు. కనిపించేది రాయే. అయినా తమ మాట లోపలికి వినిపిస్తుందనే నమ్మకంతో వెళ్తారు.

మన్రో దొర నుంచి వరదల దాకా

ఈస్టిండియా కంపెనీ కాలంలో రాయలసీమకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మఠం భూముల విషయం తేల్చడానికి వచ్చిన మన్రోకు బృందావనం దగ్గర స్వామి కనిపించి మాట్లాడారని, పక్కనున్నవాళ్లకు మాత్రం ఎవరూ కనిపించలేదని, ఆ తర్వాత భూములు మఠానికే ఉండిపోయాయని చెబుతారు. ఇదే మన్రో తర్వాత మద్రాసు గవర్నర్ అయ్యి, 1827లో ఇదే జిల్లాలోని పత్తికొండలో కలరాతో చనిపోయారు.

2009 అక్టోబర్‌లో తుంగభద్ర పొంగినప్పుడు మంత్రాలయం ఊరు, మఠం నీట మునిగాయి. నీళ్లు తగ్గాక బురద ఎత్తిపోసి పూజలు మళ్లీ మొదలుపెట్టారు.

ఏటా శ్రావణ మాసంలో ఆరాధనోత్సవాలు జరుగుతాయి. పూర్వారాధన, మధ్యారాధన, ఉత్తరారాధన అని మూడు ముఖ్యమైన రోజులు. ఆ వేడుకలకు తిరుమల నుంచి శ్రీవారి శేషవస్త్రం వస్తుంది. పుట్టగానే తిరుమల వెంకన్న పేరు పెట్టుకున్న బిడ్డకు, చిరిగిన బట్టలతో గంధం తీసిన ఆ మనిషికి, ఏడాదికోసారి ఆ వెంకన్న ఇంటి నుంచే కొత్త బట్ట అందుతోంది.