శుక్రవారపు పాఠములు: దైవజనుడు స్పర్జన్ గారి జీవితము



చార్లెస్ హాడన్ స్పర్జన్ గారి పేరు వినని బాప్తిస్టు కాపరి అరుదు. ఆయన వేలాదిమందికి చేసిన ప్రసంగములను గూర్చి మనము తరచుగా చెప్పుకొంటాము. అయితే ఆయన తన మందను ఎలా కాచారో, యౌవన సేవకులకు ఏమి నేర్పారో, ఆ పాఠములను తాను ఎంత వెల చెల్లించి నేర్చుకొన్నారో చెప్పుకొనేది తక్కువ.

స్పర్జన్ గారు 1834 జూన్ 19న ఇంగ్లండు దేశములోని ఎసెక్స్ ప్రాంతములో కెల్విడన్ అను ఊరిలో జన్మించారు. తాతగారు, తండ్రిగారు ఇద్దరూ వాక్యసేవకులే. 1850 జనవరిలో ఒక ఆదివారము మంచు విపరీతముగా కురియుటచేత ఆయన దూరము పోలేక కోల్చెస్టరు పట్టణములోని ఒక చిన్న మెథడిస్టు మందిరములో ప్రవేశించారు. ఆ ఉదయము అక్కడి బోధకుడు రాలేకపోయాడు. అంతగా చదువులేని ఒక సామాన్యుడు లేచి యెషయా 45:22 మీద తనకు చేతనైనట్లు మాట్లాడాడు. ఆ మాటలద్వారానే 15 ఏండ్ల బాలుడు రక్షణ పొందాడు. అదే సంవత్సరము మే 3న లార్క్ నదిలో బాప్తిస్మము తీసికొన్నారు. 1851లో, 17 ఏండ్ల ప్రాయములో, వాటర్‌బీచ్ అను గ్రామ సంఘమునకు కాపరి అయ్యారు. 1854లో లండను నగరములోని న్యూపార్క్ వీధి సంఘము ఆయనను పిలిచింది. అప్పటికి ఆయనకు 19 ఏండ్లు. వేదాంత కళాశాలలో ఆయన ఎన్నడూ చదువలేదు.

ఆ సంవత్సరమే లండనులో కలరా వ్యాపించింది. రాత్రింబగళ్లు రోగుల యిండ్లకు వెళ్లడము, చనిపోయినవారిని సమాధి చేయడము ఆయన పని అయిపోయింది. శరీరము అలసింది, మనస్సు కుంగింది, తనకు కూడ రోగము సోకుతుందని భయము పట్టింది. ఒకనాడు సమాధి కార్యక్రమమునుండి తిరిగి వస్తూ, ఒక చెప్పుల అంగడి కిటికీకి అంటించిన కాగితము చూచారు. దానిమీద 91వ కీర్తనలోని 9, 10 వచనములు వ్రాసి ఉన్నాయి. భయము తొలగి, మరల రోగుల యిండ్లకు వెళ్లారు. ఆ కాగితము అంటించినవానికి, తాను ఒక కాపరిని నిలబెట్టానని ఆ క్షణమున తెలియదు.

అంతకంటె పెద్ద దెబ్బ 1856 అక్టోబరు 19న తగిలింది. మందిరము చాలనందున సర్రే గార్డెన్స్ సంగీతశాలలో సాయంకాల కూటము పెట్టారు. జనము క్రిక్కిరిసి ఉండగా ఎవరో నిప్పు నిప్పు అని అరిచారు. నిప్పు లేదు, కాని త్రొక్కిసలాటలో 7 గురు చనిపోయారు. 22 ఏండ్ల కాపరి కూలిపోయారు. ఇంట నెలరోజుల కవల పిల్లలు. బైబిలు చూచినా కన్నీళ్లే వచ్చేవట. కొద్ది వారములలోనే తిరిగి ప్రసంగ వేదిక ఎక్కారుగాని, మనస్సు క్రుంగిపోవడము ఆయనను జీవితాంతము విడువలేదు.

ఈ అనుభవములన్నీ కాపరుల కళాశాలకు ఉపయోగపడ్డాయి. మెడ్‌హర్స్ట్ అను ఒకే యౌవనునితో మొదలైన ఆ పని, స్పర్జన్ గారు చనిపోయేనాటికి సుమారు 900 మంది సేవకులను తయారుచేసింది. డబ్బు లేదని ఎవరినీ త్రిప్పి పంపలేదు. శుక్రవారము మధ్యాహ్నము, వారమంతా చదివి అలసిన విద్యార్థులకు ఆయన స్వయముగా పాఠము చెప్పేవారు. 1875లో ఆ పాఠముల మొదటి సంపుటి అచ్చయింది.

ఆ పాఠములలో ఆయన మొదట చెప్పినది కాపరి తన్నుతాను కాచుకొనుటను గూర్చి, ఏకాంత ప్రార్థనను గూర్చి. తరువాత ఎంతో చిన్న విషయములు కూడ చెప్పారు. వేదిక ఎక్కగానే గొంతు మార్చి కృత్రిమముగా పలుకవద్దన్నారు. ఊరకే కేకలు వేయక, చివరి వరుసవానికి వినబడునట్లు స్పష్టముగా మాట్లాడమన్నారు. జనము నిద్రపోతే వారిని నిందించకముందు కిటికీలు తెరిచి గాలి రానిమ్మన్నారు. ప్రసంగము పొట్టిగా ఉండాలంటే సిద్ధపాటు పెద్దదిగా ఉండాలన్నారు. తన్ను గూర్చి సంఘములో ఎవరేమి అనుకొంటున్నారో అడిగి తెలిసికోవద్దనీ, కాపరికి ఒక కన్ను గ్రుడ్డిది, ఒక చెవి చెవిటిది అయితే మేలనీ హెచ్చరించారు. పుస్తకములు తక్కువ ఉన్న సేవకుడు ఉన్న కొద్దింటినే క్షుణ్ణముగా చదువాలనీ, అన్నిటికంటె బైబిలును జీర్ణించుకోవాలనీ చెప్పారు. కాపరికి పుస్తకములు సమకూర్చడము సంఘము బాధ్యత అని కూడ గట్టిగా చెప్పారు.

కాపరి కృంగుదలను గూర్చి ఒక పాఠమే కేటాయించారు. అది అవిశ్వాసమునకు గురుతు కాదనీ, గొప్ప విజయమునకు ముందుగాని, వెనుకగాని, ఎడతెగని శ్రమ మధ్యగాని రావచ్చుననీ వివరించారు. విశ్రాంతి తీసికొమ్మనీ, ఆరుబయట నడువుమనీ చెప్పారు. తాను అనుభవించనిది ఆయన నేర్పలేదు.

ఆయన భార్య సుసన్నమ్మ గారు 1868నుండి వ్యాధివలన ఎక్కువగా ఇంటనే ఉండిపోయారు. శుక్రవారపు పాఠముల పుస్తకము చదివి, దీనిని దేశములోని ప్రతి కాపరికీ ఇవ్వాలని ఉందన్నారు. అయితే నీవేమి ఇస్తావని భర్త అడిగారు. ఆమె తాను దాచుకొన్న నాణెములు తీసి లెక్కించగా సరిగా 100 పుస్తకములకు సరిపోయాయి. అలా మొదలైన పుస్తక నిధి, 1903లో ఆమె మరణించేలోపు బీద కాపరులకు దాదాపు 2 లక్షల పుస్తకములు పంపింది.

1861లో మెట్రోపాలిటన్ టాబర్నకిల్ అప్పులేకుండ ప్రతిష్ఠింపబడింది. 1867లో అనాథాశ్రమ పని ఆరంభమైంది. ప్రసంగములు వారము వారము అచ్చయి, ఆయన తరువాత కూడ 1917 వరకు వెలువడ్డాయి. సిద్ధాంత విషయమై 1887లో బాప్తిస్టు యూనియనును విడిచినప్పుడు స్నేహితులు కూడ దూరమయ్యారు. కీళ్లవ్యాధి, మూత్రపిండముల వ్యాధి ముదిరి, 1892 జనవరి 31న ఫ్రాన్సు దేశములోని మెంటోనులో 57వ ఏట ప్రభువునందు నిద్రించారు.

ప్రియులారా, సొంత ఊరికి దూరముగా ఉన్న మన సంఘములలో, వారమంతా ఉద్యోగము చేసి ఆదివారము వాక్యము చెప్పే కాపరులు ఉన్నారు. వారి అలమరలో ఎన్ని పుస్తకములు ఉన్నాయో ఎప్పుడైనా అడిగామా? వారు చివరగా ఎప్పుడు విశ్రాంతి తీసికొన్నారో అడిగామా? సుసన్నమ్మ గారివలె మన ఇంట దాచినది లెక్కించి చూద్దాము. ఈ సంవత్సరము మన కాపరికి ఒక్క మంచి పుస్తకము, ఒక్క వారము సెలవు ఇద్దాము.