మెట్రిక్ రెండుసార్లు పోయినా.. ప్రపంచానికి మందిచ్చారు!

ఆర్మూర్ పసుపు చేల నుంచి కాలేజీకొచ్చే బీఎస్సీ విద్యార్థికి ఒక సబ్జెక్టు పోతే ఇక అంతా అయిపోయిందనిపిస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు.

1895లో భీమవరంలో పుట్టారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టారు. బోస్టన్ వెళ్లాక ఆసుపత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్లు శుభ్రం చేస్తూ చదువుకున్నారు. 1925లో ఫిస్కేతో కలిసి శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అయినా హార్వర్డ్ ఆయనకు పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది. ఫైలేరియాకు మందు, క్యాన్సర్‌పై వాడిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అక్కడివే.

అమినోప్టెరిన్‌ను బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. జబ్బు పూర్తిగా పోలేదు గానీ కొందరిలో కొంతకాలం తగ్గింది. ఆ ఫలితాలు అచ్చయిన 1948లోనే, ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

కథ అక్కడితో ఆగలేదు. అదే ఆసుపత్రిలో పనిచేసిన జుడా ఫోక్‌మన్ 1971లో కొత్త ప్రశ్న లేవనెత్తారు. కణితి పెరగాలంటే రక్తం కావాలి. మరి దానికి కొత్త రక్తనాళాలు రాకుండా ఆపితే? నాళం ఎలా పుడుతుందో చూడండి. నాళం లోపలి కణాలను వీఈ క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్ ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది. కొత్త కొమ్మ వేయాలంటే ముందు ఆ పట్టు సడలాలి. తర్వాత కణాలు ఇంటెగ్రిన్‌ల సాయంతో చుట్టూ ఉన్న పదార్థాన్ని పట్టుకుని ముందుకు పాకుతాయి. చివరికి మళ్లీ ఒకదానికొకటి అతుక్కుని గొట్టంలా మారతాయి. పట్టు వదలకపోతే కొమ్మ రాదు, మళ్లీ పట్టు దొరక్కపోతే నాళం కారిపోతుంది. మన పసుపులోని కర్క్యుమిన్ ఈ పనిని అడ్డుకుంటుందా అని ల్యాబుల్లో పరీక్షించారు. అది ఇంకా మందు కాలేదు. అంటే మీకింకా పని మిగిలే ఉంది!

సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ సిలబస్‌లో కణాలు అతుక్కోవడం, ఇంటెగ్రిన్లు ఉన్నాయి. మార్కుల కోసం బట్టీ కొట్టకండి, నాళం బొమ్మ గీసుకుని చదవండి. మొదటిసారి రాకపోతే? సుబ్బారావుకూ రాలేదు. మళ్లీ రాయండి.