చేతికి దొరికిన చెక్కతో కెప్టెన్ స్లోకమ్

జాషువా స్లోకమ్ అని వెతికితే మొదట కనిపించేది ఒకటే: తెరచాప పడవలో ఒంటరిగా ప్రపంచం చుట్టి వచ్చిన మొదటి మనిషి. ఆ యాత్ర 1895లో మొదలైంది. నాకు మాత్రం దానికి ఏడేళ్ళ ముందు ఆయన బ్రెజిల్ ఒడ్డున చేసిన ఇంకో పడవ ఎక్కువ నచ్చింది. ఆ పడవకి డిజైన్ ఎలా ఎంచుకున్నాడో చదివాక, మన మినీ ప్రాజెక్టులకి మనం డిజైన్ ఎంచుకునే పద్ధతి తలుచుకుని కొంచెం సిగ్గేసింది.

ఆయన 1844లో కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే బడి మాన్పించి బూట్లు కుట్టే కొట్లో కూర్చోబెట్టాడు. దొంగచాటుగా ఓడ బొమ్మ చెక్కుకుంటుంటే చూసి, దాన్ని పగలగొట్టి, పిల్లాణ్ణి బాదాడు. పద్నాలుగేళ్ళకి స్లోకమ్ ఇంట్లోంచి పారిపోయి చేపల పడవలో వంటవాడిగా చేరాడు (వంట బాగోలేదని అక్కణ్ణుంచీ గెంటేశారు, అది వేరే విషయం). తర్వాత నావికుడయ్యాడు, కెప్టెన్ అయ్యాడు. అలాస్కాలో సాల్మన్ చేపలకి వెళ్ళినప్పుడు ఓడ ఒడ్డెక్కి పాడైపోతే, మనుషుల్నీ చాలావరకు చేపల్నీ చిన్న పడవల్లో వెనక్కి తెచ్చాడు. సొంత ఓడలూ కొన్నాడు. 1884లో మొదటి భార్య వర్జీనియా చనిపోయింది. రెండేళ్ళకి హెట్టీని పెళ్ళి చేసుకున్నాడు.

1887 చివర్లో బ్రెజిల్‌లోని పరనగ్వా దగ్గర ఆయన ఓడ ‘అక్విడ్నెక్’ ఇసుక మేట మీదికెక్కి విరిగిపోయింది. ఇన్సూరెన్స్ లేదు. పక్కన హెట్టీ, పదహారేళ్ళ విక్టర్, ఏడేళ్ళు కూడా సరిగ్గా నిండని గార్ఫీల్డ్. ఇల్లు అమెరికాలో ఉంది. ఎవరి దయ మీదో టికెట్ సంపాదించుకుని వెళ్ళడం ఆయనకి ఇష్టం లేదు. సొంత పడవ చేసుకుని వెళ్దాం అనుకున్నాడు.

ఇక్కడే అసలు ఇంట్రెస్టింగ్ పార్ట్. ఆయన అప్పటిదాకా నడిపినవి పెద్ద ఓడలు. కానీ ఎంచుకున్నది చేపలవాళ్ళ పడవ. అమెరికాలో కేప్ ఆన్ వైపు కాడ్ చేపలకి వెళ్ళేవాళ్ళు వాడే ‘డోరీ’ అన్నమాట. దాని అడుగు బల్లపరుపుగా ఉంటుంది, పక్కలు బయటికి వాలి ఉంటాయి. పలకల్ని ఎక్కువ వంచక్కర్లేదు, కాబట్టి కొద్దిపాటి పనిముట్లతో కట్టొచ్చు. లోతు లేని నీళ్ళలోనూ పోతుంది. ఖాళీగా ఉంటే ఊగిపోతుంది గానీ బరువు పడేకొద్దీ కుదురుగా నిలబడుతుంది. స్లోకమ్ దగ్గర ప్లాన్ కాగితాలేమీ లేవు. డోరీని గుర్తున్నంతవరకు గుర్తుచేసుకుని, ఎదురుగా ఒక జపాన్ సంపాన్ ఫొటో పెట్టుకుని, రెండూ కలిపేశాడు. తెరచాపలు చైనా పద్ధతిలో, అడ్డంగా బద్దలు వేసినవి. గాలి పెరిగితే తొందరగా కుదించొచ్చు. మనుషులు తక్కువ ఉన్న పడవకి అదే ముఖ్యం. ఆ తెరచాపలు కుట్టింది హెట్టీ.

చెక్క విషయంలో ఆయన తెలివి చూడండి. అడుక్కి నీళ్ళలో మునిగిపోయేంత బరువైన ఐరన్‌వుడ్, పక్కలకీ పైనా తేలికైన ఎర్ర సెడార్. బరువంతా కిందే ఉంటే పడవ తొందరగా బోల్తా పడదు. పక్కల పొడవునా లావు వెదుళ్ళు కట్టాడు, నీళ్ళు నిండినా తేలడానికి. మేకులు కొన్ని విరిగిన ఓడలోంచి పీకినవి, కొన్ని దాని లోహపు రేకు కరిగించి పోసినవి. రాగి నాణేల్ని ముక్కలుగా కోసి, చిల్లులు పెట్టి, మేకుల కింద వాషర్లుగా వాడాడు!

మొత్తం పొడవు 35 అడుగులు, వెడల్పు ఏడున్నర. 1888 మే 13న నీళ్ళలోకి దించారు. అదే రోజు బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది. అందుకే పడవకి ‘లిబెర్‌దాదె’ అని పేరు పెట్టాడు, స్వేచ్ఛ అని అర్థం. మొదట్లోనే గాలివానకి తెరచాపలు చిరిగిపోయాయి. తర్వాత ఒక తిమింగలం గుద్దింది. అయినా సుమారు 5,500 మైళ్ళు దాటి నలుగురూ క్షేమంగా సౌత్ కరోలినా తీరం చేరారు. అక్కణ్ణుంచి ఒడ్డు వెంబడి లోపలి నీళ్ళ మీదుగా డిసెంబరు చివరికి వాషింగ్టన్ వెళ్ళారు. హెట్టీ మాత్రం ఆ తర్వాత ఆయనతో పెద్ద ప్రయాణాలకి వెళ్ళలేదు. నేనైనా వెళ్ళేవాణ్ణి కాదేమో.

1892లో ఒక స్నేహితుడు ఆయనకి పొలంలో పడున్న పాత పడవ ఇచ్చాడు. అది ఆల్చిప్పలు పట్టే పడవ. పేరు ‘స్ప్రే’. 13 నెలలు కష్టపడి దాదాపు ప్రతి పలకా మార్చాడు, ఖర్చు 553.62 డాలర్లు. పొడవు 36 అడుగుల 9 అంగుళాలే అయినా వెడల్పు 14 అడుగులు దాటింది. దాంతో చేపల వేటకి వెళ్ళి ఏమీ సంపాదించలేకపోయాడు. మూడేళ్ళకి పైగా తిరిగి 46,000 మైళ్ళు మాత్రం చుట్టొచ్చాడు. చుక్కాని కట్టేస్తే పడవ తనంతట తానే దారి పట్టుకుని పోయేదట.

ఎక్కువ పుస్తకాల ప్రకారం 1909లో, స్ప్రేలోనే ఒంటరిగా దక్షిణ అమెరికా వైపు బయల్దేరాడు. మళ్ళీ కనిపించలేదు. 1924లో చట్టప్రకారం చనిపోయినట్టు ప్రకటించారు. అంత వెడల్పైన పడవ మామూలుగా బాగా నిలబడుతుంది గానీ, ఒక హద్దు దాటి ఒరిగితే మళ్ళీ లేవదని కొందరు డిజైనర్లు అంటారు. ఓడేదైనా గుద్ది ఉంటుందని ఇంకొందరు. ఆ వాదన ఇంకా తేలలేదు, స్ప్రే కొలతలతో పడవలు కట్టుకునేవాళ్ళూ ఆగలేదు.