గార్డు జెండా – జాతి జెండా

ఉద్యోగం పురుష లక్షణమన్నారు పెద్దలు. డిగ్రీ పట్టా చేతికి రాకముందే మన ఇళ్ళలో వినిపించే ప్రశ్న కూడా అదే: కొలువెప్పుడు? అయితే దొరికిన కొలువులను వదులుకొని, తన అసలు పని ఏదో వెతుక్కున్న మహనీయుడొకరు మన కోదాడ దగ్గరి నడిగూడెంలో కొంతకాలం నివసించారు. ఆయనే పింగళి వెంకయ్య గారు.

వెంకయ్య గారు 1876 ఆగస్టు 2న కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో జన్మించారు. యువకుడిగా సైన్యంలో చేరి బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్ళారు. గాంధీజీతో పరిచయం అక్కడే కలిగింది. తిరిగొచ్చి రైల్వేలో గార్డు అయ్యారు. ఆ రోజుల్లో దక్షిణాదిన రైళ్ళు నడిపేవి ఎక్కువగా కంపెనీలే. నెల తిరిగేసరికి జీతం, ఒంటిమీద యూనిఫారం, చేతిలో ఎర్రజెండా, పచ్చజెండా. ఆ కాలంలో అంతకన్నా ఏం కావాలి? అయినా ఆయన మనసు అక్కడ నిలవలేదు. బళ్ళారిలో ప్లేగు ఇన్‌స్పెక్టరు పని కూడా ఆయన్ను కట్టిపడేయలేదు. లాహోరు వెళ్ళి సంస్కృతం, ఉర్దూ, జపనీస్ నేర్చుకున్నారు. జపాన్ వెంకయ్య అయ్యారు.

తర్వాత మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి ఆదరణతో నడిగూడెం చేరారు. చుట్టూ నిజాం ఇలాకా, మధ్యన మద్రాసు రాష్ట్రానికి చెందిన మునగాల పరగణా. కొమర్రాజు లక్ష్మణరావు గారు దివానుగా ఉన్న సంస్థానమది. అక్కడ వెంకయ్య గారు కంబోడియా పత్తి పండించి పరిశీలించారు. నాటు పత్తికన్నా దాని పింజ పొడవు. సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక నాకీ ఘట్టమంటే మక్కువ. కొత్త విత్తనం మన నేలకు పనికొస్తుందో లేదో తేలాలంటే ఒక్క ఏడు చాలదు. వాన, పురుగు, రేటు అన్నీ చూడాలి. అంత ఓపిక పట్టినందుకు జనం ఆయన్ను పత్తి వెంకయ్య అన్నారు.

అటుపిమ్మట బందరు జాతీయ కళాశాలలో అధ్యాపకులయ్యారు. 1916లో దేశానికొక జెండా కావాలంటూ, ఎన్నో నమూనాలతో పుస్తకం ప్రచురించారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల వేళ గాంధీజీ కోరగా ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉన్న జెండాను మూడు గంటల్లో గీసిచ్చారు. రాట్నం ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. తెలుపు గాంధీజీ చేర్పించారు. 1931లో ఎరుపు కాషాయమైంది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో రాట్నం స్థానంలో అశోకచక్రం వచ్చింది.

వెంకయ్య గారు మాత్రం ఖనిజాల వేటలో పడి డైమండ్ వెంకయ్య అయ్యారు. ఆస్తులేమీ మిగల్చుకోలేదు. 1963 జూలై 4న పేదరికంలోనే కన్నుమూశారు. ఆయన పేర తపాలా బిళ్ళ వెలువడింది 2009లో.

మిత్రులారా! కొలువు వదలమని నేననడం లేదు. మన అమ్మానాన్నలు మిర్యాలగూడ, సూర్యాపేట మార్కెట్లలో వడ్లు అమ్మి ఫీజులు కడుతున్నారు. జీతం విలువ మనకు తెలుసు. ఇష్టమైన పనికి వెంకయ్య గారు ఎంత మూల్యం చెల్లించారో కూడా చూశాం. కానీ ఆయన్ను గార్డు వెంకయ్య అని ఎవరూ తలచుకోరు. జపాన్, పత్తి, జెండా, డైమండ్ – ఈ పేర్లన్నీ మనసుపెట్టి చేసిన పనులు తెచ్చినవే. రేపు మనం ఏ కొలువులో కుదురుకున్నా, మన పేరు ముందు ఏ పని నిలవాలో ఇప్పుడే ఆలోచించుకుందాం.