హైదరాబాదులో పుట్టి పరాయి గడ్డ మీద ఒరిగిన వీరేంద్రనాథ్ ఛటోపాధ్యాయ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితాన్ని గూర్చి వ్రాయమని కార్యవర్గ మిత్రులు అడిగారు. గాంధీ, నెహ్రూ, ప్రకాశం పంతులుగార్ల గురించి వ్రాసేవారు చాలామంది ఉన్నారు. పేరు మాత్రం విని, పూర్తి కథ తెలియనివారొకరు మన నగరంలోనే పుట్టారు. ఆయన సరోజినీ నాయుడుగారి స్వంత తమ్ముడు వీరేంద్రనాథ్ ఛటోపాధ్యాయ. ఐరోపాలోని స్నేహితులందరికీ ఆయన 'చట్టో'. నాలుగు దశాబ్దాల ప్రవాస జీవితానికి కొద్దిగా తక్కువగా, విదేశాలలోనే ఉండి, కలంతోనే పోరాడి, చివరకు తాను నమ్మి వెళ్ళిన దేశంలోనే ప్రాణం పోగొట్టుకున్నారు.

వారి తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయగారు ఎడింబరోలో డాక్టరేటు పొందిన శాస్త్రవేత్త. నిజాం ప్రభుత్వం పిలుపు మీద వచ్చి ఇక్కడ ఆధునిక విద్యకు పునాది వేశారు. ఆయన నడిపిన హైదరాబాదు కాలేజీయే తరువాత నిజాం కాలేజీ అయింది. ఉద్యోగంలో ఉంటూనే నోరు విప్పిన మనిషి ఆయన. చాందా రైల్వే వ్యవహారంలో ప్రజల పక్షాన నిలిచినందుకు 1883లో నిజాం ప్రభుత్వం ఆయనను రాజ్యం నుంచి బహిష్కరించింది. కొంతకాలానికి తిరిగి పిలిపించుకుంది. అంటే ప్రవాసమన్నది ఆ ఇంట్లో తండ్రితోనే మొదలయింది.

వీరేంద్రనాథ్ 1880 అక్టోబరు 31న జన్మించారు. ఎనిమిది మంది సంతానంలో సరోజినిగారు పెద్ద, మగపిల్లలలో ఈయన పెద్ద. చిన్న తమ్ముడు హరీంద్రనాథ్ కవి, నటుడు; 1952లో విజయవాడ నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికైనారు. నాంపల్లిలోని వారి ఇల్లు 'గోల్డెన్ త్రెషోల్డ్' మనలో చాలామంది చూసినదే. 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదలయింది అక్కడే. వీరేంద్రనాథ్‌కు బెంగాలీ, ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషుతో పాటు మన తెలుగు కూడా బాగా వచ్చు. తరువాత ఫ్రెంచి, జర్మను, స్వీడిషు, రష్యను నేర్చుకున్నారు.

ఆ కాలపు కలవారి పిల్లలందరిలాగే ఆయన కూడా ఐ.సి.ఎస్. పరీక్ష కోసం లండను వెళ్ళారు. అది చేతికి రాలేదు. మిడిల్ టెంపుల్‌లో బారిష్టరు చదువులో చేరారు. శ్యామ్‌జీ కృష్ణవర్మ నెలకొల్పిన ఇండియా హౌస్‌లో సావర్కరు మొదలైనవారితో పరిచయమయింది. 1909 జూలై 1న మదన్‌లాల్ ధింగ్రా లండనులో కర్జన్ వైలీని కాల్చి చంపినప్పుడు ఇండియా హౌస్ వారందరి మీద నీడ పడింది. చాలామంది మౌనం వహించారు. వీరేంద్రనాథ్ మాత్రం టైమ్స్ పత్రికకు తన పేరుతోనే ఉత్తరం వ్రాసి సావర్కరును సమర్థించారు. ఫలితం, మిడిల్ టెంపుల్ వారు ఆయనను పేరు కొట్టివేసి పంపించారు. ఒక్క ఉత్తరంతో బారిష్టరు గౌను, దానితో వచ్చే పదవులు, సంపాదన అన్నీ పోయాయి. ఉద్యోగ ధర్మంగా జీవితమంతా సంతకం చేసే ముందు రెండుసార్లు చదువుకున్న మనలాంటి వాళ్ళకు ఆ సంతకం విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

1910లో పారిసు చేరి మాడమ్ కామాగారి బృందంలో కలిశారు. 'తల్వార్' అనే విప్లవ పత్రికకు సంపాదకత్వం వహించారు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే బెర్లినులో చంపకరామన్ పిళ్ళై, భూపేంద్రనాథ్ దత్తా (వివేకానందస్వామి తమ్ముడు) మొదలైనవారితో కలిసి భారత స్వాతంత్య్ర కమిటీ ఏర్పరచారు. బ్రిటిషు వారికి ఆయన ఎంత కంటకంగా కనిపించారంటే 1915లో స్విట్జర్లాండులో ఆయనను అంతం చేయడానికి ఒక గూఢచారి ప్రయత్నించి విఫలుడయ్యాడు. ప్రఖ్యాత రచయిత సోమర్‌సెట్ మామ్ తన గూఢచారి కథలలో ఒకదానికి ఈయన జీవితాన్నే ఆధారం చేసుకున్నాడు. 1917లో స్వీడను రాజధాని స్టాక్‌హోమ్ చేరి, అక్కడి నుంచి భారతదేశం తరఫున సోషలిస్టు మహాసభలకు విజ్ఞాపనలు, పత్రికలకు వ్యాసాలు పంపించారు.

1921లో మాస్కో వెళ్ళి, లుహానీ మొదలైనవారితో కలిసి కమ్యూనిస్టు ఇంటర్నేషనల్‌కు ఒక సిద్ధాంత పత్రం సమర్పించారు. ముందు బ్రిటిషు సామ్రాజ్యాన్ని కూలద్రోయాలి, మిగిలినవన్నీ తరువాత అన్నది దాని సారాంశం. ఎం.ఎన్. రాయ్‌గారితో అక్కడ పొసగలేదు. తిరిగి బెర్లిను వచ్చారు. అక్కడ అమెరికను రచయిత్రి ఆగ్నెస్ స్మెడ్లీతో కొన్నేళ్ళు కలిసి జీవించారు. 1929లో వెలువడిన ఆమె నవలలోని ఒక ముఖ్య పాత్రకు మూలం ఈయనేనని పండితులు అంగీకరిస్తారు. ఆ సంసారం సుఖంగా సాగలేదు. ఇద్దరూ పేదరికంలో, జబ్బులతో, పోలీసు నిఘాలో నలిగారు.

ఆయన జీవితంలో పెద్ద ఘట్టం 1927 ఫిబ్రవరిలో బ్రస్సెల్సు నగరంలో జరిగిన సామ్రాజ్యవాద వ్యతిరేక మహాసభ. భారత కాంగ్రెసు తరఫున జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. సెనెగల్ నుంచి లమీన్ సెంగోర్, దక్షిణాఫ్రికా నుంచి గుమేదే, అమెరికా నల్లజాతివారి తరఫున రిచర్డ్ మూర్ వచ్చారు. సెంగోర్ ఫ్రాన్సు పక్షాన యుద్ధంలో విషవాయువుకు గురై ఊపిరితిత్తులు పాడైన మనిషి. ఆ ఏడాదే మరణించాడు. ఇండియా బానిసత్వం, ఆఫ్రికా బానిసత్వం ఒకే తాళ్ళతో కట్టినవన్న ఆలోచన ఆ వేదిక మీద అందరూ వినేలా వినిపించింది. ఆ సభ నుంచి పుట్టిన లీగుకు ముఖ్య కార్యదర్శులలో ఒకరుగా చట్టో పనిచేశారు. కరపత్రాలు, ప్రకటనలు, ఉత్తరాలు ఎన్నో ఆయన బల్ల మీద నుంచే వెళ్ళాయి.

నెహ్రూగారికి ఆయన దీర్ఘమైన ఉత్తరాలు వ్రాసేవారు. అధినివేశ ప్రతిపత్తితో సరిపెట్టుకోవద్దు, సంపూర్ణ స్వరాజ్యమే కోరండి అన్నది వాటి సారాంశం. 1929 డిసెంబరులో లాహోరు కాంగ్రెసు సంపూర్ణ స్వరాజ్య తీర్మానం చేసింది. కాని అప్పటికే లీగు పెద్దలు గాంధీ, నెహ్రూగార్ల మీద విమర్శలు తీవ్రం చేశారు, చట్టో కూడా ఆ మార్గంలోనే నడిచారు. 1931 నాటికి నెహ్రూగారికీ లీగుకూ తెగిపోయింది. ఆయన కష్టాలు స్వయంగా చూసిన స్నేహితుడిని అలా దూరం చేసుకోవడం నా దృష్టిలో ఆయన జీవితంలోని పెద్ద నష్టం. అయినా నెహ్రూగారు తమ ఆత్మకథలో ఆయనను అభిమానంతోనే తలచుకున్నారు.

జర్మనీలో హిట్లరు బలం పెరుగుతుండగా ఆయన సోవియట్ దేశం వెళ్ళారు. లెనిన్‌గ్రాడులో విజ్ఞాన అకాడెమీకి చెందిన మానవజాతి శాస్త్ర సంస్థలో భారతదేశ విభాగంలో పనిచేశారు. అక్కడే లిడియా కరునోవ్‌స్కయా అనే పండితురాలిని వివాహమాడారు. ప్రవాసి జీవితంలో మొదటిసారిగా నెల జీతం, ఇల్లు, పుస్తకాల గది దొరికాయి. ఆ ప్రశాంతత నిలువలేదు. 1937 జూలైలో ఆయనను అరెస్టు చేశారు. ఆగస్టు 31న స్టాలిన్, మొలొతోవ్ మొదలైనవారు సంతకాలు చేసిన మరణ జాబితాలో 184 మంది పేర్లలో ఈయన పేరు కూడా ఉంది. సెప్టెంబరు 2న శిక్ష విధించి, ఆ రోజే అమలు చేశారు. అప్పటికి ఆయనకు 57 ఏళ్ళు నిండలేదు. మనం రిటైరయిన 58 ఏళ్ళ వయస్సు కూడా రాలేదన్నమాట. అవనీ ముఖర్జీ, లుహానీ వంటి ఇతర భారతీయ విప్లవకారులదీ అదే గతి అయింది.

ఆ వార్త చాలా ఏళ్ళు బయటికి పొక్కలేదు. మనం బ్రతికి ఉన్నామని చూపడానికి ఏటా జీవన ధ్రువపత్రం ఇచ్చి వస్తాం. అది ఒక తలనొప్పి అని విసుక్కుంటాం. బ్రతికే ఉన్నారో లేదో చెప్పే కాగితం ఒక్కటీ లేక ఎదురు చూసినవారి బాధ ముందు మన విసుగు ఏపాటిది? ఆయన నిర్దోషి అని సోవియట్ అధికారులు ఒప్పుకున్నది చాలా కాలానికి.

నేను ముప్పయి ఏళ్ళకు పైగా ఫైళ్ళ మధ్య గడిపినవాణ్ణి గనుక నాకు మరొక సంగతి తోస్తుంది. ఆయన తన కథ తాను పుస్తకంగా వ్రాసి పోలేదు. ఆయన వ్రాతలు పత్రికలలో, నెహ్రూగారి కాగితాలలో, విచిత్రంగా ఆయనను వెంటాడిన బ్రిటిషు గూఢచారి శాఖ ఫైళ్ళలో భద్రంగా మిగిలాయి. నిరోద్ బరూవా అనే చరిత్రకారుడు ఎన్నో దేశాల దస్తావేజులు గాలించి 2004లో ఆయన సమగ్ర జీవిత చరిత్ర ప్రచురించారు. శత్రువు రాసి పెట్టుకున్న నోట్సు లేకపోతే మనకు ఆయన గురించి సగమే తెలిసేది. మన ప్రకాశం జిల్లా దరిశి చెంచయ్యగారు గదర్ పార్టీలో పనిచేసి, జైళ్ళు చూసి, ఇంటికి తిరిగి వచ్చి 'నేనూ – నా దేశం' అని తమ కథ తామే తెలుగులో వ్రాసుకోగలిగారు. చట్టోకు ఆ తిరుగు ప్రయాణం దక్కలేదు.

ఆయన అడుగడుగునా సరైనవే నిర్ణయించుకున్నారని నేను అనను. బ్రిటిషువారి మీద ద్వేషంతో ఒకప్పుడు కైజరు సహాయాన్ని, తరువాత మాస్కోను నమ్మారు. రెండూ ఆయనను వాడుకున్నాయి. కాని డబ్బు కోసం గాని, పదవి కోసం గాని ఒక్క అక్షరం వ్రాసినట్లు ఆయనను వెంటాడినవారు కూడా చూపలేకపోయారు. సరోజినిగారి పేరు మన నగరంలో కళాశాలకు, కంటి ఆసుపత్రికి ఉంది. ఆమె తమ్ముని పేరు ఏ వీధికీ ఉన్నట్లు నేను చూడలేదు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో ఉన్న మన సభ్యులు మనుమలు, మనుమరాళ్ళను వెంటబెట్టుకుని ఒక ఆదివారం నాంపల్లి వైపు వెళ్ళి, ఆ ఇల్లు చూపించి, ఈ ఇంటి పెద్ద కొడుకు కథ కూడా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

– సంఘ సభ్యుడు, విశ్రాంత గుమాస్తా, బర్కత్‌పుర