వెంట్రుకవాసి లెక్క: జంషీద్ అల్ కాషీ

సూర్యలంక సముద్రతీరానికి విహారార్థం వెళ్ళే మన విద్యార్థులకు అక్కడ వైమానికదళ కేంద్రం ఉన్నదని తెలుసు. 2020 సంవత్సరాంతంలో అక్కడినుండి ఆకాశ్ క్షిపణులను ప్రయోగించి పరీక్షించారు. అట్టి ఆయుధానికి లెక్కయే కన్ను. లెక్కలో ఎన్ని అంకెలు నిలుపుకొనవలె, ఎన్ని విడువవలె అనే ప్రశ్నను ఆరు శతాబ్దాల క్రితమే శ్రద్ధగా విచారించిన మహనీయుడు గియాసుద్దీన్ జంషీద్ అల్ కాషీ.

ఆయన 14వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఇరాన్‌లోని కాషాన్ పట్టణంలో జన్మించారు. వైద్యం నేర్చినా మనసు నక్షత్రాలమీదనే నిలిచింది. 1406లో స్వగ్రామంలోనే చంద్రగ్రహణాన్ని పరిశీలించారు. తైమూరు మనుమడు, స్వయంగా ఖగోళవేత్త అయిన ఉలూగ్ బేగ్ ఆహ్వానంపై సమర్కంద్ చేరి, అక్కడి విద్వత్సభకు అలంకారమయ్యారు. ఆ సభా విశేషాలను తండ్రికి లేఖలలో వ్రాసేవారు.

1424లో ఆయన వృత్తపరిధికి, వ్యాసార్ధానికి గల నిష్పత్తిని గణించారు. లెక్కకు పూనుకొనక ముందే హద్దు విధించుకున్నారు: భూవ్యాసానికి ఆరు లక్షల రెట్లు వ్యాసంగల వృత్తమైనా సరే, పరిధిలో పొరపాటు గుర్రపు వెంట్రుక మందాన్ని మించరాదు. అందుకు ఎన్ని భుజాలు కావలెనో, ప్రతి మెట్టులో ఎన్ని స్థానాలు నిలుపవలెనో ముందే తేల్చి, 80,53,06,368 భుజాల ఆకృతితో 16 దశాంశ స్థానాలు సాధించారు. 1427లో ‘మిఫ్తాహుల్ హిసాబ్’ అనే గ్రంథంలో దశాంశ భిన్నాలను క్రమబద్ధంగా బోధించారు. 1429లో సమర్కంద్‌లోనే కన్నుమూశారు.

నేడు ఇంజనీరు కంప్యూటరుపై నమూనా తయారుచేస్తే, యంత్రంలోని చిప్‌కు కావలసిన ప్రోగ్రామును మరొక సాఫ్ట్‌వేరే వ్రాసిపెడుతున్నది. నమూనా 64 బిట్లలో, అనగా సుమారు 16 అంకెలతో లెక్కించవచ్చు. చిన్న చిప్ 32 బిట్లలో, సుమారు ఏడంకెలతో సరిపెట్టవచ్చు. అప్పుడు రెండు జవాబులు కలియవు.

ఆ తేడా స్వల్పమని తలచరాదు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ విఫలమైంది. ఆ ప్రోగ్రామును మనుషులే వ్రాసినా, దోషం ఈ కోవకు చెందినదే. సెకనులో పదోవంతు 24 బిట్లలో పూర్తిగా ఇమడలేదు. నూరు గంటలలో ఆ లోపం పేరుకొని మూడోవంతు సెకను అయింది. ఎదురువచ్చిన క్షిపణిని అడ్డగించలేకపోయినందున 28 మంది సైనికులు మరణించారు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! అంకెలు పెంచుటయే పాండిత్యం కాదు. ఎంత పొరపాటును సహింపవచ్చునో ముందే నిర్ణయించి, ఆ హద్దును తుదివరకు కాపాడుటయే పాండిత్యం. అల్ కాషీ జీవితం మనకు నేర్పే పాఠమిదే.